గంగమ్మా, ఈ ఒక్కసారికి రాకు

బోరు రిగ్గు గుర్రుమనగానే సమ్మయ్యకు నోరెండిపోయింది. అరవై దాటిన నోరు, ఎండటం దానికి కొత్త కాదు. కానీ ఇవాళ ఎండటానికి కారణం మాత్రం నలుగురిలో చెప్పుకునేది కాదు. యూనివర్సిటీలో సైన్సు బిల్డింగుల వెనక, వేపచెట్ల నడుమ, పరీక్ష పాడైన వాడెవడో కోపంతో విరగ్గొట్టినట్టు సగమే మిగిలిన సిమెంటు బెంచీ మీద తన సగాన్ని ఆనించి, మిగతా సగాన్ని మోకాళ్లకు అప్పజెప్పి కూర్చున్నాడు. ఎదురుగా లారీ మీద నుంచి లేచి నిలబడ్డ ఇనప స్తంభం. దాని కింద నేల. ఆ నేలలో నీళ్లు పడకూడదు. పడ్డాయంటే పాత క్వార్టర్ల పక్కింటి పిల్ల కరుణ పెట్టిన కంపెనీ అయిపోయినట్టే, అందులో పెట్టిన తన డబ్బూ అయిపోయినట్టే. బోరు వేయిస్తూ నీళ్లు పడొద్దని కోరుకునే మనిషి తను పుట్టిన జనగామ దిక్కున మొత్తం మీద తానొక్కడే అయి ఉంటాడు. ఈ మాట రేపు మెట్టుగూడ హోటల్లో చాయ్ తాగుతూ చెప్తే ఒక్కడు నమ్మడు. ఇన్నేళ్లూ కోతలు కోసి నమ్మించిన నోటితో ఒక్క నిజం చెప్తే ఎట్లా నమ్ముతారు పాపం, అనుకుని నవ్వబోయాడు. నవ్వడానికీ ఓపిక కావాలి కదా, ఊరుకున్నాడు.

తప్పంతా కొబ్బరికాయది. కాయది కాదు, చేతిది. చేతిది కూడా కాదు, నోటిది. పొద్దున తార్నాకలో ఇల్లు దాటుతుంటే చెయ్యి తనంతట తానే గూట్లోకి పోయి కాయ, నిమ్మకాయలు, అగరొత్తులు, పసుపు పొట్లం తీసి సంచిలో వేసింది. బోరంటే కాయ, అందులో ఆలోచించడానికేముంది. కరుణ వాళ్లు కంప్యూటర్లు తెచ్చుకున్నారు, తీగల చుట్టలు తెచ్చుకున్నారు, తాగడానికి నీళ్ల సీసాలు పెట్టెడు తెచ్చుకున్నారు, కాయ మాత్రం తేలేదు. రిగ్గు మేస్త్రి వెంకటేశ్వర్లు నడుం మీద చేతులు పెట్టుకుని, "కాయ కొట్టకుంట బిట్టు దించనమ్మా. మా ఓనరు చెప్పినా దించ. మొన్న గిట్లనే ఒక ఇంజనీరు సారు వద్దన్నడు. రాడ్డు లోపట్నే ఇరిగి ఇప్పటిదాంక గాడనే ఉన్నది, సారు గూడ గాడనే తిరుగుతున్నడు" అన్నాడు. పిల్ల బిక్కమొహం వేసుకుని చుట్టూ చూసింది. సమ్మయ్య సంచి పైకెత్తాడు. "నువ్వు సల్లగుండాలె పెద్దనాయినా" అంది. పెద్దమనిషివి నువ్వే కొట్టుమన్నాడు మేస్త్రి. కొట్టాడు. రాయికి కాయ తగిలే క్షణాన, యాభై ఏళ్ల కింద తండ్రి తువ్వాల కొస పట్టుకుని వెనక నిలబడి విన్న మాటలు, తను పిలవకుండానే, వరసగా, ఒక్క అక్షరం తప్పకుండా నోట్లోంచి వచ్చేశాయి. గంగమ్మ తల్లీ, రావే, మా గడపకు రావే, మా కడుపు సల్లగ చెయ్యవే. అనేశాక గానీ తెలియలేదు ఏమన్నాడో. కాయ రెండు సమానమైన చిప్పలుగా విచ్చుకుంది. విచ్చుకుని ఊరుకుందా, లోపల తెల్లగా, చిన్నపిల్ల పిడికిలంత పువ్వు! "పువ్వొచ్చింది! ఇగ జూస్కోండ్రి, నీళ్లు మోటార్లకు ఆగయి" అని మేస్త్రి చప్పట్లు కొట్టాడు. సమ్మయ్య చిప్పలు గబుక్కున కింద పెట్టేశాడు. రావద్దనుకున్న చుట్టాన్ని నోరారా పిలిచాడు. ఆమె వస్తున్నానని పువ్వు పంపింది.

ఇప్పుడెట్లా వద్దని చెప్పటం? గంగమ్మా, ఈ ఒక్కసారికి రాకు తల్లీ, అని లోలోపల మొదలుపెట్టాడు. పెట్టి సగంలో ఆపేశాడు. ఆ మాట అనడానికి నాలుక తిరగలేదు. వాళ్ల వంశంలో ఏ నాలుకా ఆ దిక్కుకు తిరిగినట్టు లేదు. దుమ్ము లేచింది. మొదట ఎర్రమన్ను, తర్వాత మొరం, తర్వాత తెల్లగా, మెత్తగా, జల్లెడ పట్టిన పిండిలాంటి రాతి దుమ్ము. ఆ వాసన. మబ్బు లేని ఎండలో రాయి కాలిన వాసన. కళ్లు మూసుకుంటే యూనివర్సిటీ లేదు, తార్నాక చౌరస్తా మీద మెట్రో రొద లేదు, వానకే పండే తమ చెల్క ఉంది, చెల్క గట్టు మీద గోచీ సర్దుకుంటూ గొంతుకూర్చున్న నాయిన ఉన్నాడు, దుమ్ములో చెయ్యి పెట్టి పిడికెడు తీసి, పిసికి, చూసి, పారేసి, మళ్లీ తీసి, పిసికి. ముద్ద అయితదా, అయితదా అని. ఎప్పుడూ కాలేదు. వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. బోరులో నీళ్లు పడితే కొట్టిన కాయను ముక్కలు చేసి వాడంతా పంచుతారు. పడకపోతే ఆ చిప్పలు అక్కడే బొక్క అంచున వదిలేసి వెనక్కి చూడకుండా రావాలి, ఎండబోరు కాయ ఇంట్లోకి రాకూడదు. అందుకని పిల్లలు గడపలో కూర్చుని నాయిన మొహం చూసేవాళ్లు కాదు, భుజం మీది తువ్వాల చూసేవాళ్లు, అందులో మూట ఉందా లేదా అని. పక్కింటి బోరు కాయ తిన్నాడు, అవతలి వాడ బోరు కాయ తిన్నాడు సమ్మయ్య. నాయిన కొట్టిన కాయ ముక్క ఒక్కటంటే ఒక్కటి తినలేదు.

ఈ సంగతే లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్లూ ఇంకో తీరుగా చెప్పేవాడు. మా నాయిన ఆఖరి బోరు ఎంత లోతు వేయించిండంటె, రాడ్లు అయిపోయినయి, హైదరాబాదు నుంచి తెప్పించిన్రు, అవీ అయిపోయినయి, మన వ్యాగన్ల ఇరుసులు తీస్కపోయి అతికించిన్రు, ఇగ అడుగుకు పోంగనే కిందికెల్లి ఎవడో మొత్తుకున్నడు, మా ఇంటి కప్పుకు బొక్క వెడుతున్నదెవడురా అని! ఫిట్టర్లంతా విరగబడి నవ్వేవాళ్లు. దేవేందర్ అయితే నేల మీద కూర్చుని నవ్వేవాడు. పక్క క్వార్టరే అతనిది. అతని కూతురే ఈ కరుణ, చిన్నప్పుడు జడలు వేసుకోకుండా మెట్టుగూడ క్వార్టర్ల సందుల్లో తిరుగుతూ, కిందికెల్లి మొత్తుకున్నాయన పేరేంది పెద్దనాయినా, ఆయన ఇంట్ల నల్లా ఉన్నదా, అని ఆరాలు తీసిన పిల్ల. అప్పుడే అనుకోవాల్సింది, ఈ పిల్ల తిన్నగా నౌకరీ చేసుకునే రకం కాదని.

చదివింది, చదివింది, ఈ యూనివర్సిటీలోనే డాక్టరేటు దాకా చదివి, రమ్మన్న ఉద్యోగాలు వదిలేసి, సాత్విక్ అనే ఇంకో పిల్లవాడిని జత చేసుకుని, ఇదే బిల్డింగు కింద ఒక గదిలో మిషను పెట్టి కంపెనీ మొదలుపెట్టింది. దేవేందర్ లబోదిబోమంటూ వచ్చాడు. "అన్నా, నా మాట ఇంటలేదు. నువ్వన్న పోయి సముదాయించు, నౌకరి జూస్కొమ్మను" అన్నాడు. సముదాయించడానికే పోయాడు సమ్మయ్య. గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, చూపించింది పిల్ల. ఉప్మాలో రవ్వంత వజ్రం. తవ్వి తీసింది కాదు, తయారుచేసింది. నేల మీద పెద్ద చుట్టుగా తీగ పరిచి, అందులో కరెంటు పంపి, టక్కున ఆపేస్తారట. "కింద నీళ్లుంటె అవి పలుకుతయి పెద్దనాయినా. శాన సన్నగ. మన చెవుకు ఇనపడది. గీ వజ్రానికి ఇనపడ్తది. చుట్టూ కరెంటు తీగలుంటయి, రైళ్లుంటయి, మోటార్లుంటయి, గా లొల్లిల నీళ్ల గొంతు ఒక్కటే ఏరుకునుడు, గదే మా పని." సమ్మయ్య చాయ్ కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. నిజంగానే లేచి నిలబడ్డాడు. ఒక పనివాడు ఇంకో పనివాడిని గుర్తుపట్టినప్పుడు లేచి నిలబడాలి. జన్మంతా కోసినా తను ఇంత కోత కొయ్యలేకపోయాడు. నీళ్లను పిలిస్తే పలకటం, వజ్రం చెవి ఒగ్గి వినటం! "కోతలు గావు పెద్దనాయినా, వస్తవా మీ ఊరికి? పల్లెలల్ల పరీక్ష చేస్తున్నం, మీ చెల్క గూడ చూస్త" అంది.

పోయాడు వాళ్లతో. చెల్క ఎప్పుడో తమది కాకుండా పోయింది, బోరుకింత చొప్పున నాయిన అమ్ముతూ వచ్చి, చివరికి గట్టు మిగిలితే దాన్ని కూడా అమ్మాడు. ఇప్పుడు దున్నుతున్నాయన చూసుకోండన్నాడు. నాయిన బోర్ల బొక్కలు రాళ్లు కప్పి ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటి చుట్టూ తీగ పరిచారు పిల్లలు. కరెంటు పంపారు, ఆపారు, విన్నారు. మళ్లీ పంపారు, ఆపారు, విన్నారు. సాత్విక్ కరుణ మొహం చూశాడు. కరుణ చాలాసేపు తెర మీది గీతలు చూసి, తలెత్తి, "లేవు పెద్దనాయినా" అంది. "పిలిస్తె పలుకుత లేవు. కింద నిండు బండ. పగుళ్లే లేవు. ఎన్నడూ ఉండి ఉండయి."

ఎన్నడూ ఉండి ఉండవు. ఈ మాట చెప్పడానికి అన్నేళ్లలో ఒక్క మనిషి రాలేదు. అరచేతిలో కాయ నిలబెట్టుకుని ఊగుతూ వచ్చినవాడు గీడనే అన్నాడు. వేపపుల్ల పట్టుకుని వచ్చినవాడు గాడనే అన్నాడు. తాళంచెవుల గుత్తి వేలాడదీసినవాడు, నా నెత్తురే వేరు, నీళ్లుంటె నా కాళ్లకు జుమ్మంటది అన్నవాడు, అందరూ ఉన్నాయనే అన్నారు. ఎందుకనరు? ఉన్నాయన్నవాడికి కల్లు, కోడి, కూలి. లేవన్నవాడికి ఎవడేమిస్తాడు? పడనప్పుడు నాయినతో, ఇంకొక్కటి వెయ్యి మల్లయ్యా, ఇంకొక్క పది గజాలు పక్కకు జరిగితే చాలు అనేవాళ్లు. ఊరు వేరే మాట అనుకునేది. మల్లయ్య చేతిలో గీత లేదు, ఏం పాపం చేశాడో గంగ మొహం చాటేసింది. నాయిన చివరికి ఆ మాటే నమ్మాడు. చేతులు దాచుకుని తిరిగేవాడు. ఆ చెల్క మధ్యలో నిలబడి సమ్మయ్య, బిడ్డా, గీ మాట ఇంకొక్కసారి చెప్పు అన్నాడు. లేవు పెద్దనాయినా అని చెప్పింది. ఇంకొక్కసారి అన్నాడు. మళ్లీ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, మీ కంపెనీల నేనెన్ని పైసలు పెట్టొచ్చు అని అడిగాడు.

పిల్ల భయపడింది. "వద్దు పెద్దనాయినా. గియ్యి తిరిగి రాకపోవచ్చు. పదేండ్లు వట్టొచ్చు, అసలే రాకపోవచ్చు. మేం మునుగుతె నువ్వు గూడ మునుగుతవు." మరి చిట్టీ లెక్క నెలనెలా పాట ఉండదా అన్నాడు, నవ్వుతూనే. ఉండదంది. వడ్డీ? ఉండదు. ఎప్పుడిస్తవని అడగొచ్చునా? అడగొచ్చు, జవాబుండదు. అన్నిటికీ లేదు, లేదు, లేదు. సమ్మయ్యకు ఆ లేదులన్నీ తియ్యగా వినిపించాయి. సముదాయించమని పంపిస్తే వాటాదారుడై ఇల్లు చేరాడు. భార్య లచ్చవ్వ పొయ్యి దగ్గర నుంచి చూసి, "నౌకరి చెయ్యిమని చెప్పొస్తనని పోయి సంతకం వెట్టొచ్చినవా? నిన్ను కిరాణ దుకాణానికి పంపుడు గూడ కష్టమే" అంది. రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో కొంత వేరే మూట కట్టి, నాయిన అమ్మిన చెల్కలో కాస్త ముక్కైనా తిరిగి కొనాలని ఇద్దరూ దాచుకున్నది అది. ఆ మాటే ఎత్తుతుందనుకున్నాడు. ఆమె గంటె కడిగి, బోర్లించి, చెంగుతో చేతులు తుడుచుకుని, "పోనియ్. భూమి కొంటె నువ్వు ఊకుంటవా, మల్ల బోరేస్తవు. దానికన్న గా పిల్ల వజ్రమే నయ్యం" అంది. నలభై ఏళ్లుగా ఆమె తనను చూస్తోంది. మిషను అక్కర్లేకుండానే.

దుమ్ము వస్తూనే ఉంది. వేపాకులు తెల్లబడ్డాయి. అటుగా పుస్తకాలు పట్టుకుని పోతున్న ఆడపిల్లలు చున్నీలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. పరీక్షలు వాయిదా వేయాలని గోడకు కట్టిన బట్ట మీద అక్షరాలు మసకబడ్డాయి. బెంచీకి ఆ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్న శశిభూషణ్ జేబురుమాలుతో బూట్లు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. పెద్ద పైసలు పెట్టే కంపెనీ మనిషి. బెజవాడ వైపు వాడు, మర్యాద మాట తప్పడు, ముడి మాత్రం విప్పడు. అతని మాట వల్లే ఈ బోరు. నీళ్లున్నచోట ఉన్నాయని చెప్పడానికి మీ మిషన్ ఎందుకండీ, కొబ్బరికాయ వాడూ చెప్తాడు, సగంసార్లు వాడిదీ నిజమవుతుంది, మీరు లేవని చెప్పిన చోట తవ్వి చూపించండి, అప్పుడు బోర్లకు అప్పులిచ్చే బ్యాంకులు మీ గుమ్మం ముందు నిలబడతాయి, అన్నాడట. చోటు కూడా ఆయనే ఏరాడు. ఎక్కడ? పాము పుట్ట పక్కన. పుట్ట పక్కన మేడిచెట్టు. మేడిచెట్టు కింద ఈ ఎండల్లో కూడా పచ్చగా గరిక. నాయిన ఉంటే, కాయ అక్కర్లేదు, పుల్ల అక్కర్లేదు, చూడగానే అక్కడే పడుకునేవాడు. చూసిన ప్రతివాడూ ఉన్నాయనే చోటు అది. మిషను లేవంది.

"మీరు కూడా ఇన్వెస్టరేనటగా సమ్మయ్య గారూ?" అన్నాడు శశిభూషణ్, పొద్దుపోక.

"అవును సార్. మీరు ఏనుగు, నేను చీమ. ఇద్దరం ఒకటే బెల్లం దిక్కు చూస్తున్నం. కాకపోతె మీరు తొక్కితె నేను పోత, నేను కుడితె మీకు తెల్వది."

ఆయన నవ్వాడు. "భలేవారండీ. ఏమనుకుంటున్నారు, పడతాయంటారా?"

ఏమనుకుంటున్నాడు? కళ్లు పడతాయంటున్నాయి. మేడిచెట్టు పడతాయంటోంది. పువ్వు పడతాయంటోంది. పడితే డబ్బు పోతుంది, అది పోతే పోయింది, ఉన్నప్పుడు ఏం ఒరగబెట్టింది కనుక. కానీ పడితే మిషను అబద్ధం. మిషను అబద్ధమైతే ఆ చెల్కలో చెప్పిన మాటా అబద్ధం. అక్కడ ఎక్కడో, పది గజాలు పక్కన, నీళ్లు ఉన్నట్టే. ఇంకొక్కటి వేసి ఉంటే పడేవన్నట్టే. నాయిన చేతిలో గీత లేదన్న ఊరి మాటే నిజమన్నట్టు. చచ్చి ఇన్నేళ్లైన మనిషిని మళ్లీ గట్టు మీద గొంతుకూర్చోబెట్టినట్టు. "మనదేముంది సార్, గంగమ్మ ఇష్టం" అన్నాడు శశిభూషణ్‌తో. గంగమ్మ ఇష్టమేమిటో తెలుసుకోవాలని ఆయనకు, తెలుసుకోకుండా ఉండాలని ఈయనకు.

చివరి రోజుల్లో తన రైల్వే క్వార్టరుకు తీసుకొచ్చాక నాయిన చేసిన పని ఒక్కటే. వంటింట్లో నల్లా దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. తిప్పేవాడు. నీళ్లు వచ్చేవి. ఆపేవాడు. కాసేపాగి మళ్లీ తిప్పేవాడు. నీళ్లు వచ్చేవి. "గింత అలకగ వస్తయారా?" అని అడిగేవాడు, ప్రతిసారీ, కొత్తగా, కోపం లేకుండా, మోసపోయిన మనిషి మోసం చేసినవాడి ఇల్లు చూడ్డానికి వచ్చినట్టు. లచ్చవ్వ విసుక్కునేది కాదు. మామ నీళ్లతోటి మాట్లాడుతున్నడు, ఊకో అనేది. నిజమేనేమో. పిలిస్తే పలుకుతున్నాయేమో. తనకే వజ్రం లేదు వినడానికి.

"పదును! పదును తగిలింది!"

మేస్త్రి కేక, కింద తేమ తగిలిందని. దుమ్ము రంగు మారింది. తెలుపు పోయి బూడిద, బూడిద పోయి నలుపు, గాలిలోకి లేవడం మానేసి బొక్క చుట్టూ ముద్దలు ముద్దలుగా పడుతోంది. ముద్దలు! సమ్మయ్యకు తను లేచిన సంగతి తెలియలేదు. మోకాళ్లు తమ నొప్పి మరిచిపోయాయి. నాలుగు అంగల్లో అక్కడున్నాడు, వంగాడు, పిడికెడు తీశాడు, పిసికాడు. ముద్ద అయింది. చల్లగా, నల్లగా, వేళ్ల గుర్తులు పడి, అయింది. నాయినా, అయింది చూడే, అని లోపల ఎవరో చిన్నపిల్లవాడు ఎగిరాడు. యాభై ఏళ్లు అక్కడే గడపలో కూర్చుని ఉన్నట్టున్నాడు వాడు. సమ్మయ్య రెండు చేతులూ జోడించి ఉన్నాయి. ముద్ద మధ్యలో నలుగుతోంది. కళ్లలో నీళ్లు, అవి దుమ్ము వల్ల కావచ్చు. అప్పుడు కరుణ పక్కన నిలబడి ఉంది. ఆ పిల్ల మొహంలో రంగు లేదు, అయినా పెదవి కొసలో నవ్వు ఆగలేదు. "పెద్దనాయినా, అసలు నువ్వెవరి దిక్కు?" అంది.

 సిగ్గుపడి చేతులు విడదీశాడు. బుజ్జగించినట్టు ఆ పిల్లే చెప్పింది, పై పొరల పాత వాన తేమ ఉంటదని మొన్ననే రాసిచ్చినం, గిది లెక్కల రాదు, కిందికి పోనీ. చెప్పిందే గానీ తన కళ్లూ ఆ ముద్ద మీదే ఉన్నాయి. సాత్విక్ కంప్యూటరు మూసేసి గోళ్లు కొరుకుతున్నాడు. శశిభూషణ్ కుర్చీ ముందుకు జరిపాడు. సమ్మయ్య తిరిగొచ్చి సగం బెంచీ మీద కూలబడ్డాడు. ఎవరి దిక్కు? ఇటు చూస్తే ఈ పిల్ల, దీని నిద్రలేని కళ్లు, అడిక్‌మెట్‌లో అద్దె గదిలో రెండు పూటలూ అటుకులు తిని ఆ రవ్వంత వజ్రాన్ని చంటిపిల్లలా చూసుకోవటం. అటు చూస్తే ఆ ముద్ద. ఒక్క మనిషి లోపల ఇద్దరు కూర్చుని గింజుకుంటుంటే బయటి మనిషికి అలసట కాక ఏం మిగులుతుంది. వర్క్‌షాపులో నైట్ డ్యూటీ దిగినా ఇంత అలసిపోలేదు. గంగమ్మా, నీ ఇష్టమే నీది, ఇటు వస్తే ఆ పిల్ల పోతుంది, రాకపోతే నేను పిలిచిన పిలుపు ఉత్తదైపోతుంది, ఏదో ఒకటి చేసి తొందరగా పోనియ్యి, నేను ఇంటికి పోయి పడుకుంటా. అరవై ఏళ్లలో మొదటిసారి గంగమ్మతో ఉన్నదున్నట్టు మాట్లాడాడేమో, మనసు కాస్త తేలికపడింది.

దుమ్ము తెల్లబడింది. సమ్మయ్య కళ్లతో చూడలేదు, చెవితో విన్నాడు. తడి రాయి తిన్నప్పుడు బిట్టు నమిలినట్టుంటుంది, పొడి రాయి తిన్నప్పుడు పళ్లు కొరికినట్టుంటుంది. ఇప్పుడు పళ్లు కొరుకుతోంది. రాడ్డు మీద రాడ్డు దిగింది. విద్యానగర్ వైపు రైలు కూత వేసుకుంటూ పోయింది. దుమ్ము తెల్లగా, ఇంకా తెల్లగా, సున్నం కొట్టినట్టు తెల్లగా. మేస్త్రి కేకలు తగ్గాయి. మొహం వేలాడేశాడు. బోరు ఎండితే రిగ్గు వాళ్లు ఆసామి కళ్లలోకి చూడరు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, రాడ్ల వైపు చూస్తూ పని చేసుకుంటారు. ఒప్పుకున్న లోతు అయిపోయింది. రిగ్గు ఆగింది. ఆగాక వచ్చే నిశ్శబ్దం ఉంది చూడండి, అది సమ్మయ్యకు పుట్టుకతో తెలుసు. ఆ నిశ్శబ్దంలో నాయిన లేచి, తువ్వాల దులుపుకుని, ఎవరినీ చూడకుండా నడిచేవాడు.

ఆ నిశ్శబ్దంలో కరుణ కెవ్వున అరిచి సాత్విక్ వీపు మీద ఒక్కటి చరిచింది. "లేవు! లేవు! చెప్పినమా లేదా, లేవు!" అని ఎగిరారు ఇద్దరూ, పెళ్లిపందిట్లో పిల్లల్లా.

"ఏందమ్మా గిది?" వెంకటేశ్వర్లు నోరు తెరిచాడు. "ఎండబోరుకు చప్పట్లు కొట్టుడేంది? నేను ఏడ్చెటోళ్లను జూసిన, తిట్టెటోళ్లను జూసిన, నా బండికి రాళ్లేసెటోళ్లను గూడ జూసిన..."

సమ్మయ్యకు చప్పట్లు కొట్టడానికి చేతులు లేవలేదు. కూర్చునే విన్నాడు. ఎండబోరు దగ్గర చప్పట్లు. చెల్కలో ఒక్కసారి, ఒక్క బోరు దగ్గర, ఒక్క మనిషి ఈ మాట ఇట్లా అరిచి ఉంటే. లేవు మల్లయ్యా, నీ చేతిలో ఏ తప్పూ లేదు, కింద లేవు, ఇంటికి పో.

శశిభూషణ్ లేచి ప్యాంటు దులుపుకుని వచ్చాడు. కరుణకు చెయ్యి ఇచ్చాడు. "బావుందమ్మా, చాలా బావుంది. అయితే ఒక్కటి చూసి మా వాళ్లు ఒప్పుకోరు. ఇంకో రెండు చోట్ల ఇలాగే లేవని చెప్పి, తవ్వి చూపించండి. అప్పుడు తప్పకుండా మాట్లాడుకుందాం" అన్నాడు. మర్యాదగా నవ్వి, సమ్మయ్యకు నమస్కారం పెట్టి, కారు వైపు నడిచాడు. పిల్లల ఎగురుడు నేలకు దిగింది. రెండు బోర్లంటే ఎవరిస్తారు, ఎక్కడ నుంచి తెస్తాం, అని కరుణ కళ్లలోనే లెక్క వేసుకుంటోంది. ఆ చూపు సమ్మయ్య ఎక్కడో చూశాడు. ఎక్కడో ఏమిటి, గట్టు మీద. ఇంకొక్కటి వెయ్యి మల్లయ్యా. నీళ్ల కోసం ఇంకొక్కటి, లేవనిపించడం కోసం ఇంకొక్కటి. రిగ్గు రిగ్గే. ఈసారి మాత్రం సమ్మయ్యకు నవ్వు వచ్చింది, ఓపికను అడక్కుండానే. "బిడ్డా, గా సారు చేతిల కొబ్బరికాయ ఒక్కటే తక్కువ" అన్నాడు. కరుణ ఒక్క క్షణం తెల్లబోయి, అర్థమై, నవ్వి, నవ్వుతూనే దుమ్ములో అట్లాగే చతికిలబడి, మొహం మోకాళ్లలో పెట్టుకుంది.

సమ్మయ్య ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి కాసేపుంచాడు. తర్వాత మేస్త్రితో బొక్కకు మూత బిగించమని చెప్పి, బిగించేదాకా నిలబడి, కాలితో తొక్కి చూశాడు. ఇక పోవచ్చు. సంచి తీసుకున్నాడు. రాయి పక్కన రెండు చిప్పలు, ఒకదాంట్లో పువ్వు, రెండింటి మీదా పిండి చల్లినట్టు దుమ్ము. వంగి, చిప్పలు రెండూ తీసి, పైపంచెతో తుడిచి, సంచిలో వేసుకున్నాడు.

"పెద్దమనిషీ, ఎండబోరు కాయ!" అన్నాడు మేస్త్రి, నిజంగానే బెదిరి. "ఇంటికి తీస్కపోతవా?"

"నాకు తెల్వదా అయ్యా? తెల్సే తీస్కపోతున్న."

సైన్సు బిల్డింగులు దాటుతుంటే లచ్చవ్వ ఫోను. "పడ్డయా?" అంది. పడలేదన్నాడు. "మంచిగైంది" అంది వెంటనే, అని, నాలుక కరుచుకున్నట్టు ఆగి, "గట్లనొచ్చునా?" అని అడిగింది. "అనొచ్చు. నాకైతె ఇంక నోరొస్తలేదు" అన్నాడు. పైసలొస్తయా అని అడగలేదు ఆమె. "కాయ ఏం జేసినవ్?" అంది.

"తెస్తున్న."

అటువైపు గంటె కింద పెట్టిన చప్పుడు. పొయ్యి మీద ఏదో చిటపటలాడటం వినపడింది. మామ పీట వేసుకుని కూర్చున్న చోటు వైపు చూస్తోందేమో, ఇప్పుడు ఆ ఇల్లు కాకపోయినా. "సరె, తే" అంది చివరికి. "పచ్చడి నూరుత. చౌరస్తల పచ్చిమిరపకాయలు పట్టుకరా, ముదిరినయి తేకు."

ఎండ మాడు మీదికి వచ్చింది. తార్నాక ఇంకా దూరంగానే ఉంది. సంచిలో చెయ్యి పెట్టి, వేలితో తడిమి, చిప్ప అంచున విరిగి వేలాడుతున్న చిన్న ముక్క విరుచుకుని నోట్లో వేసుకున్నాడు. నాయిన ఒక్కసారీ ఇంటికి తేలేకపోయిన ఎండబోరు కాయ అది, తన చేత్తో కొట్టింది. నమిలాడు. తియ్యగానే ఉంది. పంటి కింద రాతి దుమ్ము కరకరలాడింది. ఉమ్మలేదు. నమిలి మింగి, మిరపకాయల బండి ఏ వైపు ఉంటుందో గుర్తు చేసుకుంటూ నడిచాడు.